బాపమ్మ తీర్చిన ముక్కు

చెన్నూరు రూటులో కండక్టర్‌గా పనిచేసే మనిషికి కళ్లద్దాలు ఉండకూడదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఈ మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అప్పట్లో లేదు కూడా. బస్సులో మనిషికీ మనిషికీ మధ్య కాస్త గాలి ఆడేది. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు తీసేసిన తర్వాత మంచిర్యాలలో ఎక్కినవాళ్లతోనే బస్సు నిండిపోతోంది. ఆ తర్వాత జైపూర్‌లో ఎక్కేవాళ్లు ఎట్లా ఎక్కుతారో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఎక్కుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మా అవ్వ, అదే మా అమ్మ, కూడా ఏ చిన్న పని పడ్డా ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కేస్తుంది. నా బాధల్లా జీరో టికెట్ కూడా టికెట్టే కావడం. ఒక్కొక్కరి కార్డు చూడాలి, మిషన్ మీద నొక్కాలి, కాగితం చింపి చేతిలో పెట్టాలి. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో మిషన్. చెమటకు ముక్కు మీది నుంచి జారే అద్దాలను పైకి తోసుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు, భుజంతో తోసుకునేదాన్ని.

ఒక రోజు బస్సు కుదుపుకు ఎవరిదో మోచెయ్యి నా ముఖానికి తగిలింది. అద్దాలు కింద పడ్డాయి. వంగుదామంటే చోటు లేదు. కాళ్ల కింద పటుక్కుమన్న చప్పుడు వినిపించింది. ఎవరి కాళ్లో అడిగి ఏం లాభం? నాకు మైనస్ ఆరు పవరు. అద్దాలు లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి ఆడో మగో తెలుస్తుంది గాని అంతకు మించి తెలియదు. మిగిలిన దారంతా కార్డులను ముక్కుకు ఆనించుకుని చదివాను. "కార్డు వాసన చూస్తున్నవా కండక్టరమ్మా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దిగాక డిపోలో బాత్రూంలోకి పోయి కాసేపు ఏడ్చాను, అది వేరే సంగతి.

ఆ ఏడాది అప్పటికే చాలా జతలు విరిగాయి. కంట్లో పెట్టుకునే లెన్సులు ప్రయత్నించాను గాని రోడ్డు దుమ్ముకు సాయంత్రానికి కళ్లు ఎర్రగా వాచిపోయేవి. లేజర్ చేయించుకుంటే అద్దాల పీడ వదులుతుందని డిపోలో అందరూ చెప్పేవాళ్లే. అట్లా కరీంనగర్‌లో ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాను. నా భర్త మస్కట్‌లో పనిచేస్తాడు, బిడ్డ గురుకులం హాస్టల్‌లో చదువుతుంది. నేను బెల్లంపల్లిలో అవ్వగారింట్లోనే ఉంటాను. ఇంట్లో మేం ఆడవాళ్లమే: అవ్వ, మా బాపు అంటే నాన్న వాళ్లమ్మ బాపమ్మ, నేను. ఆ నెలల్లో చెల్లె కూడా ఉంది, తొలి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కంది. బాపు పోయి చాలా కాలమైంది.

ఇక్కడ మా బాపు తరఫు ముఖం గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా దానితోనే. కనుబొమ్మల దగ్గరి ఎముక ముందుకు పొడుచుకు వస్తుంది. కళ్లు లోపలికి ఉంటాయి. ముక్కు నుదుటి కిందే ఎత్తుగా మొదలై అదే ఎత్తులో కిందికి దిగుతుంది. మా డ్రైవర్ ఒకాయన నన్ను ఆటపట్టించేవాడు. "వానల తడిసినా నీ కండ్లల్ల చుక్క వడది మేడం, మీద సజ్జ ఉన్నది గద!" అనేవాడు. బాపుదీ అదే ముఖం. బాపమ్మదీ అదే ముఖం. కానీ బాపమ్మ లెక్క వేరు. నా ముఖం తన నుంచి వచ్చిందని ఆమె ఎన్నడూ అనలేదు. తను చేసిందని అనేది.

బాపమ్మ పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషి. మా తాత బాయిలో బొగ్గు తవ్వుతుంటే, ఆమె ఆ కార్మికుల ఇళ్ల లైన్లలో ఏ ఇంట్లో కాన్పయినా పోయి బిడ్డకు తానం చేయించి వచ్చేది. చిన్న పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పసిగుడ్డును పడుకోబెట్టుకుని, నువ్వుల నూనె రాసి ఒళ్లంతా మర్దన చేసేది. తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తేది. చివరికి ముక్కు. బొటనవేలు, చూపుడువేలు నూనెలో ముంచి, కనుబొమ్మల మధ్య నుంచి కిందికి గుంజేది. పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. ఆమె ఆగేది కాదు. తెలుగు ఇళ్లలో ఇది చాలామంది చేసేదే, కానీ బెల్లంపల్లిలో ముక్కు అంటే మా బాపమ్మే అన్నంత పేరు ఉండేది.

ఆ పేరుకు సాక్ష్యం నేను. అవ్వకు తల్లి లేదు, అందుకే కాన్పు పుట్టింట్లో గాక అత్తగారింట్లోనే అయింది, నేను బాపమ్మ చేతుల్లోనే పుట్టాను. ఎవరింటికి పోయినా నన్ను వెంట తీసుకెళ్లి, నా గడ్డం పట్టి ముఖం పక్కకు తిప్పి చూపించేది. "గీ ముక్కు జూడుండ్రి. పుట్టినప్పుడు పప్పుబద్దంత లేకుండె. నేనే తీసిన." చెల్లె పుట్టినప్పుడు బాపమ్మ చేయి విరిగి కట్టు కట్టుకుని ఉంది. చెల్లెకు ఎవరో వేరే ఆమె నీళ్లు పోసింది. చెల్లెది అవ్వ పోలిక, చప్పిడి ముక్కు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? మా వీధిలో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. నేను డిగ్రీ చదివి కూడా ఎన్నడూ అనుమానించలేదు. నిజం చెప్పాలంటే ఆలోచించేంత తీరిక కూడా నాకెప్పుడూ లేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో పరీక్షలన్నీ బాగా జరిగాయి. కంటిపొర మందం సరిపోయింది, పవరు నిలకడగా ఉంది, లోపల ఏ జబ్బూ లేదు. ఒక మిషన్ దగ్గర గడ్డం పెట్టుకున్నప్పుడు మాత్రం అక్కడి అమ్మాయి "జర మొకం ఇటు తిప్పండి మేడం, ముక్కు తాకుతున్నది" అంది. దాన్ని నేను పట్టించుకోలేదు. అద్దాలు లేకుండా డ్యూటీకి పోయే రోజు గురించే ఆలోచిస్తున్నాను.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక కంట్లో మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా సన్నని తీగలాంటిది పెట్టారు. డాక్టర్ మధ్యవయసు మనిషి. మెల్లగా మాట్లాడతాడు, ముందే అన్నీ చెప్పి చేస్తాడు. "ముందు కంటి మీద ఒక రింగు పెడ్తా అమ్మా. గాలి గుంజి అది కంటిని కదలకుంట పట్టుకుంటది. అప్పుడు చూపు చీకటి అయితది, భయపడకండి. పట్టుకున్నంక మిషన్ కిందికి వచ్చి పైపొరను పల్చగ కోస్తది." సరేనన్నాను.

రింగు కంటి మీద పెట్టగానే కనుబొమ్మ ఎముక మీద గట్టిగా నొక్కినట్టయింది. గాలి లాగిన చప్పుడు. చీకటి వచ్చింది, మళ్లీ పోయింది. రింగు జారింది. డాక్టర్ నా తలను పక్కకు తిప్పాడు. గడ్డం ఎత్తమన్నాడు. ముక్కు అడ్డం తప్పించడానికని నర్సు నా తలను రెండు చేతులతో పట్టుకుని ఒక మూలకు వంచింది. మిషన్ మూతి దిగుతుంటే ముక్కు పక్కన చల్లగా తాకింది. మళ్లీ గాలి, మళ్లీ చీకటి, మళ్లీ వెలుగు. ఆ మధ్యలో డాక్టర్ ఒక్కసారి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు నాకు బాగా తెలుసు. ఆఖరి ట్రిప్పులో ఇంకో గుంపు ఎక్కుతుంటే నేను విడిచేది అదే.

"ఇంక వద్దమ్మా," అన్నాడు. "ఇంకా చేస్తె కంటికే నష్టం."

బయట కూర్చోబెట్టి నెమ్మదిగా వివరించాడు. నా కంట్లో తప్పేమీ లేదు, కన్ను ఉన్న చోటుతోనే ఇబ్బంది. ముఖం చదునుగా ఉండి కళ్లు కాస్త బయటికి ఉన్నవాళ్లకు రింగు చక్కగా కూర్చుంటుంది, అయిదు నిమిషాల పని. కళ్లు లోతుగా ఉండి, పైన ఎముక ముందుకు వచ్చి, పక్కన ముక్కు ఎత్తుగా ఉంటే రింగుకు చోటు దొరకదు, మిషన్‌కు దారి దొరకదు. రెప్పల మధ్య సందు చిన్నదైతే ఇంకా కష్టం. ఎక్కువమందికి తల తిప్పితే సరిపోతుందట. నాకు సరిపోలేదు. కోత ఇంకా మొదలు కాలేదు కాబట్టి కంటికి ఏమీ కాలేదు, ఎరుపు మాత్రం కొన్నాళ్లుంటుంది. రింగు అవసరం లేని వేరే పద్ధతి ఉంది. పైపైన పొర గీకేసి నేరుగా లేజర్ కొడతారు. నొప్పి ఎక్కువ, చూపు మెల్లగా వస్తుంది. కన్ను తేరుకున్నాక రమ్మన్నాడు. నేను అన్నిటికీ తల ఊపాను. ఒక్క రోజైనా అద్దాలు లేకుండా బతుకుదామనుకుంటే, చివరికి ముఖం కుదరలేదు. ఉద్యోగానికి ఎత్తు చాలదంటారు, చదువు చాలదంటారు. ముఖం ఎక్కువైందని అనిపించుకున్నది నేనొక్కదాన్నే అనుకుంటా.

ఎర్రటి కన్నుతో ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలోనే ఉంది. ఏమైందని అడిగింది. నాకు నిలబడే ఓపిక లేదు. "ముక్కు అడ్డం వచ్చిందట అవ్వా. కాలే," అని ఒక్క ముక్కలో చెప్పి చెప్పులు విడిచాను.

ఆ ఒక్క ముక్క చాలు. బాపమ్మ అప్పుడే చెల్లె బిడ్డకు నీళ్లు పోసి, ఊదు పొగ వేసి, తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉంది. అవ్వ ఆమె వైపు తిరిగింది.

"ఇన్నవా అత్తా? నీ ముక్కు అడ్డం వచ్చిందట! పసిగుడ్డు మొకం పట్టుకోని గుంజితివి, గుంజితివి. వద్దు అత్తా, ఏడుస్తున్నది అంటె నా మాట ఇన్నవా? తలుపు చాటుకు నిలవడి నేను గూడ ఏడ్చిన. అడిగెటందుకు నాకు దిక్కెవ్వరు అప్పుడు?"

ఆ కోపం వయసు ముప్పై ఆరేళ్లు, నా వయసే. అవ్వ అప్పుడు పచ్చి బాలింత, అత్తకు ఎదురు చెప్పే రోజులు కావు. ఇన్నేళ్లూ మింగి ఉంచుకున్నదంతా నా ముక్కు పేరుతో బయటికి వచ్చింది. బాపమ్మ ఒళ్లోని పిల్ల తువ్వాలను సర్దుకుంది. ఇన్నేళ్లుగా "నేనే తీసిన" అని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఇప్పుడు తీయలేదని ఎట్లా అంటుంది?

చెల్లె మెల్లగా వచ్చి ఆమె ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది. "రేపటి సంది నేనే పోసుకుంట బాపమ్మా. నువ్వు పరేషాన్ గాకు," అంది. మాట మెత్తగానే ఉంది. కానీ బాపమ్మ చేతులు బిడ్డ పోయాక కూడా కాసేపు అట్లాగే ఒళ్లో చాపి ఉన్నాయి. ఎనభై దాటిన మనిషికి ఆ ఇంట్లో మిగిలిన పని అదొక్కటే. వంట అవ్వది, బజారు నాది. పసిపిల్ల తానం పూట మాత్రమే ఆమెను అందరూ పిలిచేవాళ్లు, ఆమె చెప్పినట్టు వినేవాళ్లు. మర్నాటి నుంచి చెల్లె ఫోన్‌లో వీడియో పెట్టుకుని, దాన్ని ఆపుకుంటూ, మళ్లీ చూసుకుంటూ బిడ్డకు నీళ్లు పోసింది. బాపమ్మ అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేది. పిల్ల ఏడ్చినప్పుడు లేవబోయి మళ్లీ కూర్చునేది. నాకది చూడబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు ఆమె ఒక సాయంత్రం నూనె గిన్నె పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. నేను డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపి పడుకుని ఉన్నాను.

"జర మొకం ఇటు పెట్టు బిడ్డా. నేను తీసింది నేనే లోపటికి పంపిస్త. డాక్టర్ దగ్గరికి పోయెటాళ్లకు సాపయితది."

నాకు నవ్వు వచ్చింది, కానీ నవ్వలేదు. ఎముకలు, మా మాటలో బొక్కలు, ముదిరి గట్టిపడ్డ ముఖం అది, శనగపిండి ముద్ద కాదు. అదంతా చెప్పడానికి నోరు తెరవాలి, నోరు తెరిచే ఓపిక లేదు. కళ్లు మూసుకున్నాను. ఆమె బొటనవేలితో నా ముక్కును కిందికి, లోపలికి ఒత్తడం మొదలుపెట్టింది. కనుబొమ్మల మీద అరచేతి మొదలుతో వెనక్కి తోసింది. పొద్దంతా బస్సులో ఎవరెవరి భుజాలో తగిలి తగిలి మండిపోయిన ఒంటి మీద, నా కోసమే పెట్టిన చెయ్యి అదొక్కటే. నిమిషాల్లో నిద్రపోయాను. ఆ తర్వాత డ్యూటీ ఉన్న ప్రతి సాయంత్రం అదే వరుస. అవ్వ వంటింట్లోంచి చూసి "ఇంకింత పాడు జెయ్యి" అని గిన్నెలు గట్టిగా పెట్టేది. నేను మాత్రం వద్దనలేదు.

ఆ నెలలో నేనొక నిర్ణయానికి వచ్చాను. బాపమ్మ మీద పడ్డ నింద తీసేయాలి. నేను చెబితే అవ్వ వినదు, బాపు పోలికని వెనకేసుకొస్తున్నానంటుంది. డాక్టర్ నోటితోనే చెప్పించాలి. రెండోసారి ఆసుపత్రికి పోయేటప్పుడు తోడు అవ్వ రావాల్సిందే, బాపమ్మను కూడా రమ్మన్నాను. "నేనెందుకు?" అంటూనే ఆమె అందరికంటే ముందు తయారైంది. తన చేతిపని ఏమైందో చూసుకోవాలని ఆమె ఆశ. బస్సులో ముగ్గురం జీరో టికెట్ మీద కూర్చున్నాం. ఎవరో కండక్టర్ గుంపులోంచి తోసుకుంటూ వచ్చి మా కార్డులు అడిగింది. ఆమె అద్దాలు కూడా జారుతూనే ఉన్నాయి.

డాక్టర్ నా ఎర్ర కన్ను చూసి తేరుకుందన్నాడు. రింగు లేని పద్ధతే చేద్దామన్నాడు. అప్పుడు నేను అవ్వకు వినపడేలా అడిగాను.

"సార్, నా ముక్కు గిట్ల ఎత్తుగ ఉన్నది కదా. పసిపిల్లప్పుడు మా బాపమ్మ నూనె రాసి గుంజితె గిట్లయితదా? మా ఇంట్ల గదే పంచాయితీ."

ఆయన అలసిపోయిన ముఖంతోనే కాస్త నవ్వాడు. ఎదురుగా కూర్చున్న బాపమ్మను చూశాడు. లేచి వచ్చి ఆమె కనుబొమ్మ మీద తన బొటనవేలు ఆనించాడు, ఆ తర్వాత నా కనుబొమ్మ మీద.

"ఇద్దరి మొకాలు చూస్తె తెలుస్తలేదా అమ్మా? ఇది బొక్క. పుట్టుకతోని వస్తది, వయసుతోని పెరుగుతది. ఎవరు ఎంత ఒత్తినా కాదు, ఒత్తకున్నా ఆగది. మీరు ఒక్కనాడు గూడ ముట్టకున్నా ఈమె మొకం ఇట్లనే ఉండేది. ఫికర్ చెయ్యకండి, మీ చేతులది తప్పేం లేదు."

అవ్వ నేల చూపులు చూసింది. కాసేపటికి "గట్లనా సారూ" అంది, అంతే. నేను గెలిచినట్టే అనుకున్నాను. ఆసుపత్రిలో, బస్సులో, ఇంట్లో ఇన్ని నెలల్లో నేను ఒక్క పనైనా సరిగా ముగించానని అనిపించింది. బాపమ్మ వైపు చూశాను, సంతోషపడుతుందని. ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. పెద్ద డాక్టర్ ముందు బెరుకనుకున్నాను.

ఆ రోజు ఆపరేషన్ జరిగింది. రింగు లేదు, చీకటి లేదు. మందు పోసి పైపొరను మెత్తబరిచి గీకేశారు. తల కాస్త తిప్పి పెడితే చాలు, లేజర్ వెలుగు పై నుంచే పడింది. నా ముక్కు దానికి అడ్డం రాలేదు. టకటకమని చప్పుడు, వెంట్రుకలు కాలిన వాసన. రెండు కళ్లూ అయిపోయాయి. కట్టు లాగా పనిచేసే లెన్సులు పెట్టి, చుక్కల మందులిచ్చి, ముఖానికి నీళ్లు తగలనివ్వొద్దని, వీలైనంత కళ్లు మూసుకునే ఉండమని చెప్పి పంపారు.

నొప్పి గురించి ఆయన అబద్ధం చెప్పలేదు. కళ్లల్లో కారం పోసి రుద్దినట్టుంది. చీకటి గదిలో నల్లద్దాలు పెట్టుకుని పడుకున్నాను. నీళ్లు వాటంతటవే కారుతున్నాయి. కళ్లు మూసుకుంటే ఇల్లంతా చెవులతోనే తెలుస్తుంది. మరునాడు పొద్దున చెల్లె గొంతు వినిపించింది.

"బాపమ్మా, ఇయ్యాల్టి సంది పిల్లకు నువ్వే తానం పొయ్యి. నాతోని అయితలేదు."

అవ్వ కూడా అంది, "పొయ్యి అత్తా. నీళ్లు కాగినయి." ఇంతకంటే పెద్ద క్షమాపణ మా అవ్వ నోట్లోంచి రాదు. నా నొప్పిలో కూడా హాయిగా అనిపించింది.

పీట జరిపిన చప్పుడు వినిపించింది. బకెట్లో నీళ్లు తొణికాయి. బాపమ్మ చేసే వరుస నాకు తెలుసు: ముందు కాళ్లు, తర్వాత పొట్ట, వీపు, తల, ఆఖరికి ముక్కు. పిల్ల కాళ్లు చాపినప్పుడు చిన్నగా మూలిగింది. వీపు మీద నీళ్లు పడితే కేరింత కొట్టింది. ఇక ముక్కు దగ్గరికి వచ్చి ఉంటుంది, ఇప్పుడు గుక్కపెడుతుంది అని ఎదురుచూశాను. ఏడుపు రాలేదు. తువ్వాల విదిలించిన చప్పుడు వచ్చింది.

"అప్పుడే అయిపోయిందా అత్తా?" అని అవ్వ అడిగింది.

"అయిపోయింది," అంది బాపమ్మ.

మధ్యాహ్నం ఆమె వచ్చి నా మంచం అంచున కూర్చుంది. కాళ్ల దగ్గర బరువు పడితే తెలిసింది. నూనె వాసన వచ్చింది.

"ముక్కు ఎందుకు తీయలే బాపమ్మా?" అని అడిగాను.

"డాక్టర్ చెప్పిండు గద బిడ్డా. బొక్కనట. చేతులతోని కాదట."

"గది నా గురించి చెప్పిండు."

"పసిపిల్లలందరికి బొక్కలు ఒక్కతీరే ఉంటయి గద."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. డాక్టర్ మీదా, అవ్వ మీదా, నా మీదా. ఇంత కష్టపడి నింద తీయిస్తే ఈమె ఏం పట్టుకుని కూర్చుంది అనుకున్నాను. "నిన్ను ఎవ్వరు ఏం అనొద్దనే నేను అడిగిన," అన్నాను.

"ఎరుకే బిడ్డా. నా మంచికే అడిగినవు."

"నా ముక్కు ఊరంత చూపించినవు. మంచిగ లేదా మరి?"

"మంచిగున్నది. గది నా ముక్కే. నాది మీ బాపుకచ్చింది, ఆయినది నీకచ్చింది. దాంట్ల నేను చేసిందేమున్నది?"

ఆమె నా పాదం మీద చెయ్యి వేసి అలవాటుగా ఒత్తడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"గీ లైన్లల్ల పుట్టిన పోరగాండ్లందరు నా కాళ్ల మీద ఒర్లి ఏడ్చినోళ్లే," అంది. "ముక్కు గుంజుతుంటె గుక్క తిప్పుకోకపోదురు. తల్లులు నిలవడి ఏడుద్దురు. మీ అవ్వ గూడ ఏడ్చింది. ఊకోండ్రి, రేపు మొకం మంచిగయితది అని చెప్పేదాన్ని. నేనేమన్న పగతోని చేసిన్నా?"

"లేదు బాపమ్మా."

"మరి గా పోరగాండ్లను ఇన్నేండ్లు ఉత్తగనే ఏడిపిచ్చిన్నా బిడ్డా?"

కళ్లు మూసుకునే ఉండమని డాక్టర్ చెప్పి పంపాడు. నేను తెరవలేదు.